డబ్బా కెమెరాలో పల్లెసీమ

గోదావరి డెల్టాలో సార్వా పంట ఇంటికి చేరి, దాళ్వా నాట్లు ఇంకను మొదలు కాని పుష్యమాసపు దినములలో, దమ్ము చేసిన మళ్ళయందు నీరు నిలిచి, గట్టునుండి గట్టు వరకు ఆకాశమే పరచినట్లు కనిపించును. ఆ శోభ పట్టుమని పదునైదు దినములు నిలువదు. నాట్లు పడినది మొదలు ఆ యద్దము చెదరిపోవును. అట్టి వేళ, ఉదయము ఏడు గంటలకు, కాలువగట్టుపై నిలిచి, చేత నొక డబ్బా కెమెరా పట్టుకొని, కొబ్బరితోపు మీది మబ్బుతునుక మడి నడిమికి జరుగునంతవరకు వేచియుండు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక. విలువగల కటకములు లేక, కాంతిని కొలుచు పరికరము లేక, దూరమును దగ్గర చేయు ఉపాయమేదియు లేక, పల్లెసీమను చిత్రించు ఈ విద్య మన యూళ్ళలో కొంతకాలము నెమ్మదిగా సాగినది. కెమెరా చేయజాలని పనులన్నియు మనిషియే చేయవలసివచ్చుట దీనిలోని కష్టము. ఆ కష్టమునందే దీని విలువయు నున్నదని నా దృఢవిశ్వాసము.

1900లో అమెరికాలోని కొడాక్ సంస్థ బ్రౌనీ అను పేర నొక అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరు వెలకు అమ్మకమునకు పెట్టినప్పటినుండి ఫొటో తీయుట సామాన్యుల చేతికి అందిన పని యైనది. మన దేశమున బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-త్రీ ఆ వంశమునకే చెందినది. దాని నిర్మాణమును ముందుగా ఎరుగవలెను, ఏలయన దాని లోపములనుండియే ఈ విద్యలోని పద్ధతులన్నియు పుట్టినవి. ముందొక చిన్న గాజుకటకము కలదు. దానిని ముందువెనుకలకు జరుపుటకు వీలు లేదు. సుమారు పది అడుగులకు ఆవల నున్నదంతయు ఒక మోస్తరు స్పష్టముగా పడును, ఈవల నున్నది మసకబారును. షట్టరు వేగ మొక్కటే, సెకనులో ఇంచుమించు ముప్పదియవ వంతు. కటకపు మీటకు మూడు స్థానములు: ఎండ, మబ్బు, పసుపు ఫిల్టరు. వెనుక నొక ఎఱ్ఱని కన్ను. రీలు చుట్టుచు అందులో అంకె కనబడగానే ఆపవలెను. 120 రకపు రీలులో ఆరు సెంటీమీటర్ల చదరపు చిత్రములు పన్నెండు వచ్చును.

ఇక వెలుగు మాట. ఫొటోగ్రాఫర్లు వాడుక చేసికొనిన నియమ మొకటి కలదు: నిండుటెండలో కటకపు ద్వారమును, అనగా ఎపర్చరును, పదునాఱు వద్ద నుంచి, ఫిలిము వేగమెంతయో సెకనులో అన్నవ వంతు షట్టరు తెరచిన చాలును. వంద వేగపు ఫిలిమునకు నూరవ వంతు సెకను. మన డబ్బా కెమెరా ఎండ స్థానమున ఎపర్చరు పదునొకండు మాత్రమే, అనగా ద్వారము ఇంకను పెద్దది. షట్టరేమో ముప్పదియవ వంతు. లెక్క కట్టిన యెడల నడిపొద్దున ఆ ఫిలిము మీద అవసరమైన దానికి ఆరేడు రెట్ల వెలుగు పడుచున్నదని తేలును. ఫిలిము ఆ భారమును కొంత సహించును గాని, నెగెటివు దట్టమై, తెల్లపంచెల మడతలు, మబ్బుల అంచులు ఒకే తెల్లని ముద్దగా కలిసిపోవును. ప్రొద్దు పొడిచిన పిమ్మట గంట గంటన్నర వరకును, మరల సాయంకాలమున అంతే సేపును, వెలుగు తానై తగ్గి ఆ యంత్రమునకు సరిపోవును. పల్లెను తెల్లవారు వేళ తీయవలెనని పెద్దలు చెప్పుట సౌందర్యదృష్టి చేతనే యని నేను మొదట తలచితిని. ఆ మాటలో ఈ గణితమును దాగియున్నదని తరువాత తెలిసినది.

ఋతువు సంగతియు నిట్టిదే. రాజమహేంద్రవరము ఇంచుమించు పదునేడవ ఉత్తర అక్షాంశము మీద నున్నది. మే నెల రెండవ వారమునను, ఆగస్టు మొదటి వారమునను అక్కడ సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తిన నిలుచును. చెట్టునీడ చెట్టు మొదలునే పడియుండును. భూమికి ఎత్తుపల్లములు లేనట్లు తోచును. డిసెంబరు నెలాఖరునందో, మధ్యాహ్నము పండ్రెండు గంటలకైనను సూర్యుడు క్షితిజమునకు ఏబది డిగ్రీల కంటె పైకి పోడు. కనుక మార్గశిర పుష్యములలో దినమంతయు ఏటవాలు వెలుగే. వరికుప్పకు, గడ్డిమేటుకు, గట్టు మీది బండిజాడకు సయితము దాని నీడ దానికి దక్కును.

ఈ వేచియుండుటను గూర్చి నాకు పాఠము చెప్పినవాడు ఒక రైతు. పైన చెప్పిన నీటిమళ్ళ గట్టున నేను గంటసేపు కదలక నిలిచియుండగా, భుజమున పార వేసికొని వచ్చిన ఆ ముసలివాడు నన్ను చూచి ఆగెను.

“ఏం బాబుగారూ, ఏదైనా పారేసుకున్నారేటండీ?”

“లేదు తాతా, ఆ మబ్బు ఈ మడి మీదికొస్తే నీళ్ళలో నీడ పడుతుంది, ఫొటో తీద్దామని.”

అతడు మబ్బును చూడలేదు. కొబ్బరాకుల కొసలను చూచెను. “ఇక్కడికి రాదండి అది. గాలి ఉత్తరం నుంచి తోలుతోంది. ఆ దిగువ గట్టు మీదికెళ్ళి నిలబడండి.”

నేను పోయి నిలిచితిని. పావుగంటకు మబ్బు అక్కడికే వచ్చినది. నాటినుండి ఏ యూరు పోయినను, కెమెరా సంచి విప్పకముందే ఆ యూరి సేద్యగాండ్రను గాలి యెటు, మంచు ఎప్పుడు విడును, పశువులు ఏ దారిని చెరువునకు దిగును అని అడుగుట నాకు నియమమైనది.

దూరమును గూర్చి క్రొత్తవారు పడు పొరపాటు ఒక్కటే. కన్నులకు ఘనముగా కనబడిన తాళ్ళవరుస చిత్రమున అగ్గిపుల్లల వలె చిక్కిపోవును. అరువది అడుగుల తాడిచెట్టు అరమైలు దూరమున నున్నయెడల ఈ కెమెరా నెగెటివుపై దాని యెత్తు రెండు మిల్లీమీటర్లైనను రాదు. కాబట్టి దూరమును దూరముగానే ఉంచి, దగ్గర నొక వస్తువును నిలుపవలెను: పది పండ్రెండడుగుల దూరమున నిలిపిన యెడ్లబండి, ఒడ్డున బోర్లించిన దోనె, ఏతపు గుంజ, లేక వంపు తిరిగి లోపలికి పోవు పంటకాలువ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా అంతట అల్లుకొనిన కాలువలు చిత్రకారునికి చేసిన మేలు ఇంతింత కాదు. చూపును చేయిపట్టి క్షితిజము వరకు నడిపించుటకు కాలువగట్టును మించినది లేదు. దగ్గరి వస్తువు చాలకున్న నాలుగడుగులు ముందునకు, ఎక్కువైన వెనుకకు. అడ్డువచ్చిన తుమ్మకొమ్మకు పక్కకు. కటకము చేయవలసిన పని కాళ్ళు చేయును. చెరువును తీయునప్పుడు మాత్రము నీటి అంచు చక్కగా అడ్డముగా నున్నదో లేదో రెండుమార్లు చూచుకొనవలెను. వాలిన చెరువును ఏ కన్నును క్షమింపదు.

రంగులను నలుపు తెలుపులుగా తర్జుమా చేసికొనుట ఈ విద్యలో మిక్కిలి లోతైన భాగము. కోనసీమలో వరి పచ్చన, కొబ్బరి పచ్చన, అరటి పచ్చన. కంటికి మూడును మూడు తీరులు. ఫిలిము మీద మూడును ఒకే బూడిదరంగు. వీనిని విడదీయునది వెలుగొక్కటే. సూర్యుని ఇంచుమించు ఎదురుగా పెట్టుకొని తీసిన యెడల అరటియాకు వెలుగును తనలోనుండి పోనిచ్చి తెల్లనగును, కొబ్బరియాకు అంచులు మాత్రము మెఱయును, వరి మెత్తని పరుపు వలె క్రింద పరచుకొనును. ఎదురెండ కటకముపై పడకుండ అరచేతినో, తోడు వచ్చినవారి గొడుగునో అడ్డము పట్టవలెను. పసుపు ఫిల్టరు నీలికాంతిని కొంత మ్రింగి ఆకాశమును ముదురు చేయును. అప్పుడు గాని శరత్కాలపు తెల్లమబ్బులు చిత్రమునకు రావు. పూర్వపు ఆర్థోక్రొమాటిక్ ఫిలిములు ఎఱుపును గుర్తింపజాలవు. అనంతపురపు ఎఱ్ఱనేల వానిపై నల్లరేగడియో యన్నట్లు పడెడిది. కొడాక్ వారి వెరిక్రోము ఫిలిము 1956లో అన్ని రంగులను గుర్తించు పాన్‌క్రొమాటిక్‌గా మారుట వంటి మార్పుల పిదప ఆ చిక్కు తొలగినది.

చేయి వణకకుండుటకు మోచేతులు డొక్కలకు ఆనించి, వీపు చింతమ్రానుకు చేర్చి, ఊపిరి బిగబట్టి మీట నొక్కవలెను. రీలు నీడలోనే మార్చవలెను. నొక్కిన వెంటనే చుట్టుట అలవాటు చేసికొననివారికి రెండు దృశ్యము లొకదానిపై నొకటి పడును.

రీలు కడుగుట మన వాతావరణమున వేరొక పరీక్ష. లీటరు నీటికి మెటోలు 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100, హైడ్రోక్వినోను 5, బొరాక్సు 2 గ్రాములు చొప్పున కలుపు డి-76 ద్రావకము 20 డిగ్రీల చల్లదనమును కోరును. చైత్రమాసమున మన తొట్టినీరు ముప్పది దాటియుండును. నే నొకసారి చల్లని ద్రావకమునుండి తీసిన రీలును తిన్నగా ఆ తొట్టినీటిలో ముంచితిని. జెలటిను పొర మెత్తబడి, ముడుతలు పడి, ఎండిన చెరువు నెఱ్ఱెల వలె పగిలినది. పన్నెండు చిత్రములును పోయినవి. అప్పటినుండి ముందునాటి రాత్రియే రెండు కుండలలో నీరు పోసి, తడిగుడ్డ చుట్టి, గాలి తగులు వసారాలో నుంచి, ద్రావకమునకు, చిత్రమును స్థిరపరచు హైపోకు, కడుగు నీటికి అన్నిటికిని ఆ కుండనీటినే వాడుచున్నాను. మరల అట్టి నష్టము కలుగలేదు.

ఇంత శ్రమపడి సాధించున దేమని అడుగువారికి నా సమాధాన మిది. పల్లెసీమను, అందలి జనులను ఉన్నదున్నట్లు చిత్రింపవలెనని పోరాడినవారిలో ఇంగ్లండునకు చెందిన పీటర్ హెన్రీ ఎమర్సన్ ముఖ్యుడు. నార్ఫక్ ప్రాంతపు చిత్తడినేలలలో రెల్లు కోయువారిని, పడవలవారిని తీసి 1886లో గ్రంథముగా వెలువరించి, 1889లో నాచురలిస్టిక్ ఫొటోగ్రఫీ అను పుస్తకమున తన వాదమును స్థాపించెను. అయితే ముఖ్యవస్తువు మాత్రము స్పష్టముగా నుండి తక్కినది కొంచెము మసకగా నుండవలెనని ఆయన చెప్పిన మాటతో నేను ఏకీభవింపలేను. నేటి ఖరీదైన కటకములు ఆ మసకనే గొప్పగా చూపుచున్నవి. డబ్బా కెమెరా కటకమునకు ముఖ్యము, అముఖ్యము అను భేదము తెలియదు. పది అడుగులకు ఆవల నున్న మనిషిని, గట్టును, గుడిసెను, చెట్టును అన్నిటిని సమానముగా చేర్చుకొనును. దాని విలువ యెంతటిదో ఆ నీటిమళ్ళ చిత్రమును అచ్చు వేయించి ఆ ముసలి రైతునకు ఇచ్చిననాడు నాకు బోధపడినది. అతడు నా మబ్బును చూడలేదు. చిత్రమును వెలుగునకు పట్టి, ఎడమవైపు మూలను గోటితో తాకి, “ఇదిగో, ఇక్కడ గట్టు కోసుకుపోతోంది బాబుగారూ, నేను గమనించనే లేదు” అని చెప్పి, మరునాడు అచ్చట మన్ను వేయించెను. ఆ మూల అట్లున్నదని నేనును ఎరుగను, కటకము ఎరుగును.

డబ్బా కెమెరా దొరకనివారు చేతనున్న సామాన్యపు సెల్‌ఫోనుతోనే ఈ విద్య నభ్యసింపవచ్చును. దూరమును లాగు మీటను మాత్రము ముట్టరాదు, అది ఉన్న చిత్రమును కత్తిరించి సాగదీయుట తప్ప వేఱు కాదు. పాఠకులకు నా మనవి యొక్కటే. ఈ పుష్యమున మీ యూరి చెరువునో, చేనునో, తాళ్ళవరుసనో ఒక్క ఉదయము నిలిచి తీయుడు. తీసినదానిని కాగితముపై అచ్చు వేయించుడు. అచ్చు వెనుక మెత్తని పెన్సిలుతో ఊరి పేరు, తేదీ, ఏ గట్టున నిలిచి ఏ దిక్కుగా చూచితిరో తప్పక వ్రాసి ఉంచుడు.