ఆలస్యంగా అందిన ఉంగరం

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లున్నాయి. ఏటా వాటిలో ఒక్కటే చాంపియన్ అవుతుంది. లీగ్ దశలో 82 మ్యాచ్‌లు ఆడి, ప్లేఆఫ్స్‌కు చేరి, అక్కడ నాలుగు రౌండ్లు దాటాలి. ఒక్కో రౌండులో ఒకే ప్రత్యర్థిపై నాలుగు మ్యాచ్‌లు, మొత్తం 16 మ్యాచ్‌లు గెలిస్తే గానీ టైటిల్ రాదు. గెలిచిన జట్టులోని ఆటగాళ్లకు ఉంగరాలు తొడుగుతారు. కొందరికి అది ఇరవై ఏళ్లు నిండగానే దొరుకుతుంది. కొందరికి మోకాళ్లు మొరాయించే వయసులో గానీ దొరకదు. ఆలస్యంగా గెలిచినవాళ్లను అదృష్టం ఎట్టకేలకు కరుణించిందని అనుకోవడం మామూలే. వాళ్ల ఆటను దగ్గర్నుంచి చూస్తే మాత్రం, పదిహేనేళ్ల అనుభవం తర్వాత కూడా కొత్తగా నేర్చుకున్న పని కనపడుతుంది.

టైటిల్ ఆలస్యం కావడానికి మొదటి కారణం లీగ్ ఏర్పాటులోనే ఉంది. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కిందటి సీజన్‌లో వెనకబడిన జట్లకే ముందు వరసలో అవకాశం ఉంటుంది. అందుకే మెరికల్లాంటి కుర్రాళ్లలో చాలామంది బలహీనమైన జట్లలో అడుగుపెడతారు. కెవిన్ గార్నెట్ 1995లో హైస్కూలు నుంచి నేరుగా మిన్నెసోటాకు వచ్చాడు. 2004లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. అయినా అక్కడ ఆడిన పన్నెండు సీజన్లలో జట్టు ఒక్కసారి కూడా ఫైనల్స్ చేరలేదు. 2007లో బోస్టన్‌కు మారి, పాల్ పియర్స్, రే అలెన్‌లతో కలిశాక మొదటి ఏడాదే టైటిల్ వచ్చింది. అప్పటికి అతడికి 32 ఏళ్లు. క్లైడ్ డ్రెక్స్‌లర్‌దీ దాదాపు అదే దారి. పోర్ట్‌లాండ్ తరఫున 1990లో, 1992లో ఫైనల్స్‌లో ఓడి, 1995 సీజన్ మధ్యలో హ్యూస్టన్‌కు వెళ్లి ఆ ఏడాదే గెలిచాడు.

జట్టు మారకుండా ఎదురుచూసినవాళ్లలో జెర్రీ వెస్ట్ పేరు ముందు చెప్పుకోవాలి. 1960లో లేకర్స్‌లో చేరిన వెస్ట్ 1970 నాటికి ఏడుసార్లు ఫైనల్స్‌లో ఓడాడు. 1969లో ఓడిన జట్టులో ఉండి కూడా ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ గౌరవం పొందిన పరాజిత జట్టు ఆటగాడు నేటికీ అతనొక్కడే. పాయింట్లు కొట్టడంలో పేరు మోసిన వెస్ట్ 1971-72 సీజన్‌లో సహచరులకు బంతి అందించడంలో లీగ్ మొత్తానికీ మొదటివాడయ్యాడు. ఆ సీజన్‌లో లేకర్స్ వరసగా 33 మ్యాచ్‌లు గెలిచి, న్యూయార్క్‌ను 4-1తో ఓడించి చాంపియన్లయ్యారు. వెస్ట్‌కు అప్పటికి 33 ఏళ్లు దాటాయి.

జట్టులో స్థానం చిన్నదైనా ఒప్పుకోవడం ఇంకో రకం సాధన. 2006లో మయామి జట్టులో గ్యారీ పేటన్‌కు 37 ఏళ్లు, అలోంజో మోర్నింగ్‌కు 36. పేటన్ ఒకప్పుడు సియాటిల్‌కు నాయకుడు. మోర్నింగ్ 2003 డిసెంబరులో మూత్రపిండ మార్పిడి చేయించుకుని తిరిగి వచ్చినవాడు. ఇద్దరూ బెంచ్ మీద నుంచి లేచి వచ్చి ఆడారు. ఫైనల్స్‌లో డాలస్ 2-0 ఆధిక్యంలో ఉంది. మూడో మ్యాచ్ చివరి క్వార్టర్‌లో 13 పాయింట్ల ముందంజలో ఉండి కూడా దాన్ని నిలుపుకోలేకపోయింది. స్కోరు సమమై, దాదాపు తొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా పేటన్ వేసిన షాట్ మయామిని ముందుకు తెచ్చింది. ఆ సిరీస్‌ను ముగించిన ఆరో మ్యాచ్‌లో మోర్నింగ్ ఐదు షాట్లను అడ్డుకున్నాడు. ఇరవై నిమిషాల ఆటనైనా తక్కువగా చూడకపోవడం వల్లే ఆ ఇద్దరికీ ఉంగరం దక్కింది.

అటువైపు డర్క్ నొవిట్స్‌కీకి మాత్రం చేతికందిన కూడు నోటికందనట్టయింది. జర్మనీలోని వూర్జ్‌బర్గ్ నుంచి 1998లో డాలస్‌కు వచ్చిన ఈ ఏడడుగుల ఆటగాడు 2007లో లీగ్‌లో అత్యుత్తముడిగా ఎంపికైనా, 67 విజయాలు సాధించిన అతడి జట్టు మొదటి రౌండులోనే ఇంటిముఖం పట్టింది. చిన్ననాటి కోచ్ హోల్గర్ గెష్విండ్నర్‌తో అతడి సాధన మాత్రం ఆగలేదు. ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసే అతడి షాట్‌కు వేగం అక్కర్లేదు, ఎక్కువ ఎత్తుకు ఎగరనూ అక్కర్లేదు. డిఫెండర్ చెయ్యి అందని చోట బంతి చేతిని వీడుతుంది. అందుకే వయసు ఆ షాట్‌ను అంత తేలికగా తినేయలేకపోయింది. 2011 ఫైనల్స్‌లో మళ్లీ అదే మయామి ఎదురైంది. ఎడమచేతి వేలికి గాయం, నాలుగో మ్యాచ్ నాటికి ఒంటి మీద జ్వరం. ఆరో మ్యాచ్ మొదటి సగంలో 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. రెండో సగంలో 18 పాయింట్లు చేశాడు. డాలస్ 105-95తో గెలిచింది. చివరి గంట మోగకముందే కన్నీళ్లు ఆపుకోలేక అతడు లాకర్ రూమ్‌లోకి నడిచాడు.

వయసు మీరాక కొత్త పని నేర్చుకోవడానికి అదే జట్టులోని పాయింట్ గార్డ్ జేసన్ కిడ్ నిండైన ఉదాహరణ. న్యూజెర్సీ తరఫున 2002లో, 2003లో ఫైనల్స్‌లో ఓడిన కిడ్‌కు 2011లో 38 ఏళ్లు. వయసులో ఉండగా అతడి బలమంతా పరుగులో, పాస్‌లో ఉండేది. దూరం నుంచి వేసే షాట్ బలహీనం. 1994-95లో, తన మొదటి సీజన్‌లో, మూడు పాయింట్ల షాట్లలో 27 శాతమే పడ్డాయి. కాళ్లలో వేగం తగ్గేకొద్దీ ఆ షాట్‌నే సాధన చేసి, 2009-10 నాటికి 42 శాతానికి చేర్చాడు. ఓక్లహామా సిటీతో 2011 సెమీఫైనల్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో ఐదు నిమిషాలు మిగిలుండగా డాలస్ 15 పాయింట్లు వెనకబడి ఉంది. ఆ రోజు మొత్తం 40 పాయింట్లు చేసిన నొవిట్స్‌కీ మ్యాచ్‌ను ఓవర్‌టైమ్‌కు లాక్కొచ్చాడు. ఓవర్‌టైమ్‌లో ఆధిక్యం తెచ్చిన మూడు పాయింట్ల షాట్ కిడ్‌ది. యవ్వనంలో తనకు లేని ఆయుధంతోనే అతడు ఆ మ్యాచ్ గెలిపించాడు.

అల్ హోర్‌ఫోర్డ్ కూడా ఈ కోవలోనివాడే. 2007లో బుట్ట కింద ఆడే పొడగరిగా లీగ్‌లోకి వచ్చిన అతడు మొదటి సీజన్లలో దూరం నుంచి షాట్ వేయడం అరుదు. తర్వాత అదే అతడి ప్రధాన బలమైంది. 2024 ప్లేఆఫ్స్‌లో క్రిస్టాప్స్ పోర్జింగిస్ గాయపడటంతో 38వ ఏట బోస్టన్ తరఫున మొదటి ఐదుగురిలో ఆడి టైటిల్ గెలిచాడు.

ఇంత చేసినా అందరికీ గెలుపు కలిసిరాదు. కార్ల్ మలోన్ చివరి సీజన్‌లో ఉంగరం కోసమే లేకర్స్‌కు వెళ్లాడు. 2004 ఫైనల్స్‌లో మోకాలి గాయం, డెట్రాయిట్ చేతిలో ఓటమి ఎదురయ్యాయి. చార్లెస్ బార్క్‌లీ, పాట్రిక్ ఈవింగ్, జాన్ స్టాక్టన్‌లకూ ఉంగరం లేదు. వెస్ట్ పక్కన ఏళ్ల తరబడి ఓటములు భరించిన ఎల్జిన్ బేలర్ మోకాళ్లు సహకరించక 1971-72 సీజన్ మొదట్లోనే ఆట వదిలేశాడు. లేకర్స్ 33 విజయాల పరంపర ఆ వెంటనే జరిగిన మ్యాచ్‌తోనే మొదలైంది. వీళ్ల నేర్పులో లోపమేమీ లేదు. టైటిల్ జట్టు మొత్తానికి దక్కేది. సహచరులు, ఆరోగ్యం, ప్రత్యర్థి బలం అన్నీ ఒకే ఏడాది కుదరాలి. సీనియర్ ఆటగాడి చేతిలో ఉన్నది ఒక్కటే. ఆ ఏడాది వచ్చేసరికి తన జట్టుకు అవసరమైన పని తనకు వచ్చి ఉండాలి. ఆలస్యంగా గెలిచినవాళ్లంతా ఆ భాగాన్ని పూర్తిగా నెరవేర్చినవాళ్లు. గెలవలేకపోయినవాళ్లలో చాలామందీ అంతే.