ముగ్గురు కృష్ణులు, ఒక వంటలక్క

2022 మార్చిలో డాక్టర్ బాబు, వంటలక్క ఇద్దరూ ఒకేసారి పోయారు. కారు ప్రమాదం. ఆ రాత్రి కర్నూలులో మా వీధిలో ఎవరూ అన్నం ముట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది గానీ, మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకరు దగ్గర ఇంకో మాట లేదన్నది మాత్రం నిజం. ‘‘వాళ్లిద్దర్నీ సంపేసినాక ఇంగ ఎవుర్ని సూడల్ల?’’ అని ఒకామె బిందె కింద పెట్టి మరీ అడిగింది. ఆ లైన్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైన ‘కార్తీక దీపం’ అప్పటికి నాలుగేళ్లు దాటి నడుస్తోంది. రంగు తక్కువని మాటలు పడిన దీపగా, అంటే వంటలక్కగా ప్రేమీ విశ్వనాథ్, ఆమెను అనుమానించి దూరం పెట్టిన కార్తీక్‌గా, అంటే డాక్టర్ బాబుగా నిరుపమ్ పరిటాల. రాత్రి ఏడున్నర అంటే ఆ ఇద్దరే. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా ఏడున్నరకే మొదలయ్యేసరికి రిమోట్ కోసం ఇళ్లల్లో జరిగిన పంచాయితీలు మీకూ గుర్తుండే ఉంటాయి. అట్లాంటి జంటను తీసేసి కథను కొన్నేళ్లు ముందుకు దూకించారు. కవల పిల్లలు పెద్దవాళ్లయ్యారు. హిమ డాక్టరైంది. శౌర్య జ్వాల అనే పేరుతో ఆటో తోలింది. కీర్తి భట్, అమూల్య గౌడ ఆ పాత్రల్లోకి వచ్చారు. వాళ్లకు జోడీలుగా ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇల్లంతా కొత్త మొహాలే.

ఆగస్టు వచ్చేసరికి వంటలక్క కోమాలోంచి లేచింది. డాక్టర్ బాబు గతం మరిచిపోయి, కథలో విలన్ అయిన మోనిత దగ్గర తేలాడు. చచ్చినవాళ్లను బతికించి తెచ్చారంటే ప్రేక్షకులు ఎంత గట్టిగా అడిగి ఉంటారో చూడండి.

ఆ మధ్యకాలంలో, జూన్‌లో, పత్తికొండ పక్కన మా అత్తగారి ఊళ్లో ఉన్నాను. తొలకరికి ముందు విత్తనపు బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచే రోజులు. సందెవేళకు వసారాలో గోనెపట్టాలు పరిచి, నడుమ కాయల రాశి పోసి, చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటారు. కిలోకింత అని కూలి. గింజ నలగకూడదు, పైపొర ఊడకూడదు, ఊడితే మొలవదు. కాబట్టి కళ్లు చేతుల మీదే ఉండాలి. టీవీ గుమ్మంలోంచి మోగుతూ ఉంటుంది. నేను గమనించింది ఏమిటంటే, వీళ్లు సీరియల్‌ను చూసేదానికంటే వినేదే ఎక్కువ. తలుపు చప్పుడును బట్టి ఎవరొచ్చిందీ చెబుతారు. మ్యూజిక్ మొదలవగానే ఏ పాత్రకో తెలుస్తుంది. తెలిసిన గొంతైతే తల ఎత్తరు. తెలియని గొంతు వినబడితే చేతులు ఆగుతాయి, అందరి తలలూ ఒకేసారి లేస్తాయి. కొత్త పాత్రకు అక్కడ జరిగే పరీక్ష అది. రెండు మూడు రోజులు చూస్తారు. ఆ తర్వాత కూడా తల ఎత్తి చూడాల్సి వస్తోందంటే ఆ మనిషి ఇంకా ఇంటిమనిషి కాలేదని లెక్క.

ఆ సాయంత్రం వాదన మా చిన్నత్తకూ ఆమె కోడలికీ.

‘‘ఆ పిల్లోళ్లు బాగనే చేస్తాండారు కదత్తా?’’ అంది కోడలు.

‘‘బాగ చేస్తే? ఆ పిల్ల వాళ్లమ్మను తల్సుకోని ఏడుస్తాంటే నాకూ రావల్ల గదమ్మే ఏడుపు. రాలే. ఆయమ్మ అన్నేండ్లు కష్టపడె. నాలుగు దినాలు సుకంగా ఉండేది మనం సూడకపోతిమి.’’

‘‘ఎన్నేండ్లు ఏడుస్తాదత్తా ఆయమ్మ? ఆమె ఏడ్సి ఏడ్సి మన కండ్లల్లో నీళ్లు ఇంకిపాయె. ఆటో తోలే పిల్ల నయం, ఒకర్ని ఒక మాట అనేదానికి యెనకాడదు.’’

కోడలి మాటలో న్యాయముంది. ఏళ్ల తరబడి ఒకే అనుమానం, ఒకే మోనిత, ఒకే కన్నీళ్లు. పాత పాత్రలకు ఉండే జబ్బు ఇదే. వాళ్లను వదులుకోలేక రచయితలు జరిగిన కష్టాన్నే మళ్లీ మళ్లీ జరిపిస్తారు. పైగా డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆ అమ్మాయికి దీప కంటే జ్వాలలోనే తన ఈడు కనిపించింది. అట్లాగని చిన్నత్త మాటా తీసేసేది కాదు. ఆమె దృష్టిలో పాత పాత్ర అంటే మొహం కాదు, బాకీ. ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఏ రహస్యం ఎవరికి తెలుసు, ఎవరు ఎవరి కాళ్లు పట్టుకోవాలి అన్నదంతా ఆమె ఏళ్లుగా పద్దు రాసినట్టు మనసులో పెట్టుకుంది. మనుషులనే తీసేస్తే ఆ బాకీ ఎవరు తీర్చాలి? సీరియల్ చూడటంలో విద్య ఉందనేది ఇందుకే. రచయితలు మారతారు, డైరెక్టర్లు మారతారు. పద్దు మాత్రం బుడ్డలు ఒలిచేవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇంతకీ ఆ హిమా శౌర్యలు ఒకప్పుడు కొత్తవాళ్లే కదా. చిన్నపిల్లలుగా కథలోకి వచ్చినప్పుడు ఇదే చిన్నత్త వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నంత పని చేసింది. పేర్లు అవే, వరసలు అవే. అప్పుడు చెల్లినవాళ్లు ఇప్పుడెందుకు చెల్లలేదు? అప్పుడు పక్కన తల్లీ తండ్రీ ఉన్నారు. దీప బిడ్డ కాబట్టి బిడ్డ మీద ప్రేమ పుట్టింది. రెండోసారి బిడ్డల్ని తెచ్చి దీపను తీసేశారు.

ఈ లెక్క హిందీ నుంచి వచ్చిన సీరియల్‌కూ సరిపోతుంది. మా టీవీలో ‘చిన్నారి పెళ్లికూతురు’ పేరుతో డబ్బింగ్ అయి వచ్చిన ‘బాలికా వధు’లో ఆనందిగా మొదట చిన్నపిల్ల అవికా గోర్. పెద్దయ్యాక ప్రత్యూషా బెనర్జీ, ఆ తర్వాత తోరల్ రస్పుత్రా. ముగ్గురు ఆనందులు. అవిక మన దగ్గరే ‘ఉయ్యాల జంపాల’తో హీరోయిన్ కూడా అయింది. ఇన్ని మొహాలు మారినా ఇల్లు కూలలేదంటే, పెద్దరికం చేసే కల్యాణీ దేవిగా సురేఖా సిక్రీ అక్కడే కూర్చుని ఉంది కనుక. ఆమె ‘ఆనందీ’ అని పిలిస్తే ఎదురుగా ఎవరున్నా ఆనందే.

నాకైతే ఇది కొత్త సంగతిగా అనిపించదు. మా పుట్టిల్లు ప్రొద్దుటూరు వైపు. తిరునాళ్లలో ‘కురుక్షేత్రం’ అంటే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకు ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన. ‘హరిశ్చంద్ర’లో కాటి సీనుకు వేరే హరిశ్చంద్రుడు. మొదటి కృష్ణుడు సన్నగా, రెండో కృష్ణుడు బొజ్జతో ఉన్నా ఎవరూ ‘ఇదేంది’ అనేవాళ్లు కాదు. రెండో ఆయన రావడమే పద్యంతో వచ్చేవాడు. రాగం తీసి నిలబెట్టాడా, వన్స్ మోర్. చదివింపులు మైకులో వినిపించేవి, ఎవరిచ్చారో పేరుతో సహా. నిలబెట్టలేకపోయాడా, జనం బీడీలు వెలిగించుకుని మొదటి కృష్ణుడి గురించి మాట్లాడుకునేవాళ్లు. తీర్పు ఆ రాత్రే, ఆ నటుడి మొహం మీదే. ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. కృష్ణుడు మారినా అర్జునుడు, దుర్యోధనుడు చాలాసార్లు పాతవాళ్లే. హార్మోనియం ముందు కూర్చున్నాయనైతే తెల్లారేదాకా మారడు. కొత్త కృష్ణుడికి శ్రుతి అందించేది ఆయనే.

కడప జిల్లాలోనే ఈ పద్ధతికి ఇంకా పెద్ద సాక్ష్యం ఉంది. చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించారు. అక్కడ మొదలైన సురభి నాటక సమాజాలు కుటుంబాలుగానే పెరిగాయి. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. ఆ డేరాల్లో పిల్లలు లోహితాస్యుడిగానో బాలకృష్ణుడిగానో రంగం ఎక్కి, వయసుతో పాటు వేషాలు మార్చుకుంటూ పెద్ద పాత్రలకు వస్తారు. నిన్నటి కృష్ణుడు పక్కనే ఉండగా ఇవాళ్టి కృష్ణుడు తయారవుతాడు. కొత్తా పాతా అనే తగాదా అక్కడ వేదిక మీదే తీరిపోతుంది, ప్రేక్షకుడి దాకా రాదు.

టీవీలో ఇట్లా ఎందుకు కుదరదో కూడా చెప్పుకోవాలి. నటులకు రోజుకింత అని పేమెంటు. సినిమా అవకాశం వస్తుంది, బిగ్ బాస్ పిలుస్తుంది, ఒంట్లో బాగుండదు, కాన్పు వస్తుంది, ఇంకో చానెల్ ఎక్కువిస్తానంటుంది. సీరియల్ మాత్రం రోజూ రావాలి. గురువారం రేటింగులు వస్తాయి, వాటిని బట్టి కథ తిరుగుతుంది. పోయే మనిషిని సాగనంపడానికి, వచ్చే మనిషిని నిలబెట్టడానికి తీరిక ఉండదు. అందుకే యాక్సిడెంట్లు, మతిమరుపులు. ఇంకో సంగతి. మన సీరియల్ తారల్లో చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. ఆలూరు, ఆదోని వైపు కన్నడ చానెళ్లు చూసే ఇళ్లల్లో కొన్ని మొహాలు ముందే పరిచయం. చాలామందికి తెలుగు గొంతు హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్‌లో ఇంకొకరు ఇస్తారు. మొహం మారినా గొంతు మారకుండా చూస్తే సగం పని అయినట్టేనని బుడ్డల రాశి దగ్గర కూర్చున్నాక నాకు అర్థమైంది. ఆ హార్మోనియం ఆయన చేసే పని ఇక్కడ డబ్బింగ్ ఆర్టిస్టు చేయగలరు.

‘గుప్పెడంత మనసు’కు ఇదే గండం వచ్చింది. 2020 డిసెంబరులో మొదలైన ఆ సీరియల్‌కు రిషిగా ముకేశ్ గౌడ, వసుధారగా రక్షా గౌడ ప్రాణం. ముందు రిషి తల్లి జగతి పాత్రను చంపేశారు. తర్వాత రిషి నెలల తరబడి కనిపించలేదు. 2024లో మను అనే కొత్త పాత్ర వచ్చింది. ఆ కుర్రాడు చేసిన తప్పేమీ లేదు. కానీ అతను వసుధారకు సాయం చేసిన ప్రతిసారీ ‘రిషి ఎప్పుడొస్తాడు’ అన్న ప్రశ్నే లేచింది. చివరికి రిషి పల్లెటూళ్లో ఆటో తోలే రంగాగా తిరిగొచ్చాడు. ఆగస్టు నెలాఖరుకు సీరియల్ ముగిసింది. తల్లీ కొడుకూ ఇద్దరూ లేని ఇంట్లో కొత్త మనిషికి శ్రుతి ఎవరు అందిస్తారు?

పాతవాళ్లను నిలుపుకోవడం ఒక్క మన పిచ్చే అనుకోవద్దు. ఇంగ్లండులో ‘కొరొనేషన్ స్ట్రీట్’ 1960 డిసెంబరు 9న మొదలైంది. ఆ మొదటి ఎపిసోడ్‌లో కెన్ బార్లోగా కనిపించిన విలియం రోచ్ అరవై ఏళ్లు దాటినా అదే పాత్రలో కొనసాగారు. ఆ వీధిలోకి ఎంతమంది కొత్తవాళ్లొచ్చినా అద్దెకు దిగింది ఆయన ఉన్న వీధిలోనే. మన ఈటీవీ ‘అభిషేకం’ 2008 నుంచి 2022 దాకా నాలుగు వేల ఎపిసోడ్‌లు నడిచింది. అంత దూరం నడవాలంటే కొత్తవాళ్లు రాక తప్పదు. పాతవాళ్లు అందరూ ఒక్కసారే పోతేనే చిక్కు.

‘కార్తీక దీపం’ 2023 జనవరిలో అయిపోయింది. 2024 మార్చిలో రెండో భాగం వచ్చింది, పేరు ‘ఇది నవ వసంతం’. వసంతం కొత్తదన్నారు గానీ దీప, కార్తీక్ ఆ పాత ఇద్దరే. కథ మాత్రం వేరు. చానెల్‌వాళ్లకు పాఠం అందిందన్నమాట, కాకపోతే సగమే. పాత మొహాలను తెచ్చుకున్నారు గానీ, వాళ్ల చేతుల మీదుగా కొత్తవాళ్లను పెంచే ఓపిక ఇంకా నేర్చుకోవాలి. నన్నడిగితే మాత్రం తీర్పు ఒకటే. కొత్త కృష్ణుణ్ని తెండి, పాత దుర్యోధనుణ్ని ఉంచండి.

ఇక చూసే మనకు ఒక మాట. కొత్తగా వచ్చిన అమ్మాయిని ‘నువ్వెవరు ఆమె స్థానంలోకి రావడానికి’ అని తిట్టి పోస్తుంటాం. ఆమె రోజు కూలికి పిలిస్తే వచ్చిన మనిషి. మన గొడవ కథ రాసేవాళ్లతో, చానెల్‌తో. తిట్టదలిస్తే వాళ్లను తిట్టండి, ఆ అమ్మాయికి మాత్రం ఒక పద్యం పాడే అవకాశం ఇవ్వండి.