డ్రైవ్ లేని బాక్స్‌కి డిస్కు

ఇప్పుడొస్తున్న సర్వర్లలో చాలావాటికి సీడీ డ్రైవే ఉండదు. అయినా రెడ్‌హ్యాట్ లినక్స్ వేసేటప్పుడు, తనలోకి ఎవరో డిస్కు తోశారనే ఆ బాక్స్ నమ్ముతుంది. నమ్మించేది దాని మదర్‌బోర్డు మీద విడిగా కూర్చున్న ఓ చిన్న కంప్యూటర్. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈ వాళ్లు ఐలో అంటారు. సర్వర్ ఆపేసి ఉన్నా సరే, పవర్ కేబుల్ తగిలించి ఉంటే చాలు, అది మేలుకునే ఉంటుంది. దానికి సొంత ఐపీ అడ్రసు ఉంటుంది. నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ఐఎస్ఓ ఫైలు ఎక్కడుందో చెబితే, ఆ ఫైలునే యూఎస్‌బీ సీడీ డ్రైవ్‌లా చూపించి సర్వర్‌ని బూట్ చేయిస్తుంది.

ఇందులో వాడేదంతా పాత సామానే. సీడీలో ఫైళ్లు ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్ఓ 9660 ప్రమాణం 1988 నాటిది. సీడీ నుంచి బూట్ అయ్యే పద్ధతిని 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి రాసుకున్నాయి. దాని పేరు ఎల్ టొరిటో. కాలిఫోర్నియాలోని ఓ మెక్సికన్ రెస్టారెంట్ పేరే దానికి పెట్టారంటారు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే ఎన్ఎఫ్ఎస్‌ని 1984లో సన్ కంపెనీ తెచ్చింది. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 పూర్తి ఇమేజ్ ఇప్పుడు మామూలు 4.7 జీబీ డీవీడీలో పట్టదు కూడా. డిస్కు పోయింది గానీ దాని ఆకారాన్ని మాత్రం వదల్లేకపోయాం.

నెట్‌వర్క్ నుంచే బూట్ చేసే పీఎక్స్ఈ ఉండగా ఇదంతా ఎందుకని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. వందల సర్వర్లు వేయాలంటే పీఎక్స్ఈకి మించింది లేదు. కానీ దానికి డీహెచ్‌సీపీ జవాబివ్వాలి, టీఎఫ్‌టీపీ సర్వర్ కావాలి, వేరే వీల్యాన్‌లో ఉంటే మధ్యలో రిలే కావాలి. పెద్ద ఆఫీసుల్లో ఇవన్నీ నెట్‌వర్క్ టీమ్ చేతిలో ఉంటాయి. టికెట్ వేయాలి, అప్రూవల్ రావాలి, మీటింగ్‌లో ఎందుకో వివరించాలి. ఐఎస్ఓకైతే ఒక ఫోల్డరు, ఎన్ఎఫ్ఎస్ ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో ఒక లైను చాలు. ఈ పాత పద్ధతి ఇంకా బతికుందంటే వేగం వల్ల కాదు, తక్కువమందిని అడిగి పని కానిచ్చుకోవచ్చు కాబట్టి. సాంకేతిక కారణాలు మనం తర్వాత చెప్పుకుంటాం.

ఆ ఒక్క లైనులోనే ఓ గోతి ఉంది. మెషీన్ పేరు పక్కనే, ఖాళీ వదలకుండా, బ్రాకెట్లో హక్కులు రాయాలి. రాసే హక్కు ఇస్తూ మధ్యలో ఒక్క స్పేస్ పడిందంటే, ఆ మెషీన్‌కి చదివే హక్కే మిగులుతుంది, రాసే హక్కు ఊరందరికీ పోతుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోదు. ఇమేజ్ ఫోల్డర్‌కి అసలు రాసే హక్కు ఎవరికీ అక్కర్లేదు గనక, చదివే హక్కు మాత్రమే ఇచ్చి ఊరుకోవడం మేలు.

ఫోల్డరు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా డేటా సెంటర్లలో సర్వర్లు నిలబెట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అమీర్‌పేట కోచింగ్‌లో వర్చువల్ మెషీన్‌కి ల్యాప్‌టాప్‌లోని ఐఎస్ఓ తగిలించడం నేర్చుకున్న చెయ్యి, ఇక్కడా అదే చేయబోతుంది. బ్రౌజర్ కన్సోల్ కూడా సరేనంటుంది. కానీ సర్వర్ అడిగే ప్రతి ముక్కా మన ఇంటి నెట్ మీంచి సముద్రం దాటాలి. ఒక్కో రాకపోకకి పావు సెకను దాకా పడుతుంది. చెంచాతో బావి తోడినట్టే. ముందే ఇమేజ్‌ని అదే డేటా సెంటర్‌లోని ఏదో మెషీన్‌కి పంపించి, అక్కడ ఎస్‌హెచ్ఏ 256 సరిచూసుకుని, అక్కడినుంచి షేర్ చేయాలి.

సరిచూసుకోవడం అక్కడే ఎందుకంటే, బూట్ మెనూలో ముందే ఎంచి ఉండేది మీడియాని పరీక్షించి ఇన్‌స్టాల్ చేసే లైను. 60 సెకన్లు ఊరుకుంటే అదే మొదలవుతుంది. మామూలుగా సర్వర్ తనకి కావలసిన ముక్కలే అడుగుతుంది; ఈ పరీక్ష మాత్రం ఇమేజ్ మొత్తాన్నీ చదివిస్తుంది. చెక్‌సమ్ చూసుకున్నవాడు ధైర్యంగా పై బాణం నొక్కి మామూలు ఇన్‌స్టాల్‌కి వెళ్లొచ్చు.

అనుమతులు తప్పించుకుంటూ తిరిగే నేను ఒక్క అనుమతి మాత్రం అడిగి మరీ తీసుకుంటాను. డిస్కు ఎంచుకునే తెరలో సర్వర్ సొంత డిస్కులతోపాటు, దానికి శ్యాన్ అనే స్టోరేజ్ నెట్‌వర్క్ నుంచి ఇచ్చిన డిస్కులు కూడా కనిపించొచ్చు. వాటిలో ఎవరి డేటాబేసో ఉండొచ్చు. అన్నిటికీ ఒకే రకం పేర్లు, తేడా తెలిసేది సైజులో, సీరియల్ నంబరులో. అర్ధరాత్రి కళ్లకి ఆ తేడా ఎంతవరకు ఆనుతుంది? అందుకే ఇన్‌స్టాల్ అయ్యేదాకా శ్యాన్ డిస్కులు ఈ సర్వర్‌కి కనిపించకుండా చేయమని స్టోరేజ్ టీమ్‌ని ముందే అడుగుతాను. దీనికి పట్టే టికెట్లూ ఎదురుచూపులూ నాకు బరువనిపించవు. కనిపించని డిస్కుని ఎవరూ చెరపలేరు.

పని అయ్యాక ఇమేజ్‌ని విడదీయాలి, లేకపోతే బూట్ వరసని బట్టి ఇన్‌స్టాలరే మళ్లీ తలుపు తడుతుంది. అప్పటికి రూట్ ఫోల్డర్‌లో అనకొండా కేఎస్ అనే ఫైలు తయారై ఉంటుంది. మనం తెర మీద ఇచ్చిన జవాబులన్నీ అందులో ఉంటాయి. దాన్ని తగ్గట్టు సరిదిద్ది, కిక్‌స్టార్ట్ అనే జవాబుల ఫైలుగా ఇస్తే తర్వాతి సర్వర్ ప్రశ్నలు వేయకుండానే లేస్తుంది. ఐఎస్ఓ పక్కనే పడేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. కానీ ఆ కేఎస్ ఫైలులో రూట్ పాస్‌వర్డ్ హ్యాష్ ఉంటుంది. ఇమేజ్‌ని ఎవరు చదివినా నష్టం లేదు గానీ, దీన్ని అలా వదలకూడదు. వేరే ఫోల్డర్‌లో, ఆ తర్వాతి సర్వర్ ఒక్కదానికే తెరిచి పెట్టాలి.