65 పౌండ్ల దారం: గుబురు నీళ్లలో బాస్ వేట

అమెరికా మంచినీటి వేటల్లో గుబురులో దాక్కున్న లార్జ్‌మౌత్ బాస్‌ని పట్టడమే అన్నిటికంటే గొప్ప విద్య. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. తేట నీళ్లలో సన్నదారంతో నాజూకుగా పట్టేవాళ్ల నేర్పు నాకు తెలుసు, గౌరవిస్తాను. కానీ ఫ్లోరిడాలోని ఓకీచోబీ సరస్సులో గుర్రపుడెక్క జానెడు మందాన పేరుకున్న చోట, అరచేయి పట్టే సందులోకి చప్పుడు లేకుండా ఎర దించి, కింది చీకట్లోంచి నాలుగు కిలోల చేపను ఆకులతో వేళ్లతో సహా పైకి ఎత్తేవాణ్ణి చూశాక మిగతా వేటలు చప్పబడిపోతాయి. ఆ పనంతా నిలబడేది అల్లిక దారం మీద, వేటగాళ్ల మాటలో బ్రెయిడ్ మీద.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది బలం గురించే. చేప మూడు నాలుగు కిలోలుంటే 65 పౌండ్ల దారం, అంటే దాదాపు 29 కిలోల బరువుకి నిలిచే దారం, ఎందుకని? ఆ అంకె చేపకోసం వేసింది కాదు, చేప ఉన్న చోటు కోసం వేసింది. గాలం తగిలిన బాస్ ముందు చేసే పని తలదించి కాడల మధ్యకి దూరడం. ఒక్క చుట్టు తిరిగిందంటే మీరు లాగేది చేపనొక్కదాన్నే కాదు, తడిసిన నాచు మోపుని కూడా. పైగా ఈ వేటలో రీలు డ్రాగ్‌ని, అంటే దారం జారకుండా పట్టే బ్రేకుని, పూర్తిగా బిగించేస్తారు. ఏడున్నర, ఎనిమిది అడుగుల బండ రాడ్‌తో ఒక్క ఉదుటున కొడతారు. నైలాన్ దారమైతే కొంత సాగి ఆ దెబ్బని మింగేస్తుంది. బ్రెయిడ్ సాగదు గనక ఆ అదురంతా ముడి మీదే పడుతుంది. ముడి దగ్గర కొంత బలం పోతుంది, కాడలకి ఒరుసుకుని పీచు లేచిన చోట మరికొంత పోతుంది. అవన్నీ పోయాక కూడా చేపని బయటికి తీయడానికి సరిపడా మిగలాలి.

నా లెక్క ఇది. తామరాకుల మధ్య నీళ్లు కనిపిస్తుంటే, రెల్లు పలచగా ఉంటే 50 పౌండ్లు. హైడ్రిల్లా పైకి పేరుకుని చాపలా పరుచుకున్న చోట రబ్బరు కప్ప ఆడించాలంటే 65. గుర్రపుడెక్కని పొడుచుకుంటూ ఒకటిన్నర ఔన్సుల టంగ్‌స్టన్ బరువుతో ఎర దించే పంచింగ్‌కి 65 తక్కువలో తక్కువ, పెద్ద చేపలుండే నీళ్లలో 80. 30 పౌండ్ల దారం చాలు, దూరం విసరొచ్చు అనే వాదం ఈ మధ్య బాగా వినిపిస్తోంది. దాన్ని నేను ఒప్పుకోను. గుబురులో దూరంతో పనేముంది? వేట చాలావరకు పడవకి దగ్గర్లోనే జరుగుతుంది.

మందం సంగతి బలం కంటే ఎక్కువ చెప్పుకోవాలి. పవర్‌ప్రో వాళ్ల పట్టికలో 30 పౌండ్ల దారం 0.28 మిల్లీమీటర్లు, 50ది 0.36, 65ది 0.41, 80ది 0.43. 65 పౌండ్ల బ్రెయిడ్ పట్టుకుంటే 16 పౌండ్ల నైలాన్ అంత లావే ఉంటుంది. సన్నదారానికి ఒక తెగులుంది: గట్టిగా లాగినప్పుడు రీలు మీది చుట్టల్లోకి తనే కోసుకుపోయి కూరుకుంటుంది. తర్వాతి విసురుకి చిక్కుపడి ఆగిపోతుంది. 50 దాటాక ఆ బాధ బాగా తగ్గుతుంది. అలాగని 100 ఎందుకు వేయరంటే, లావు పెరిగేకొద్దీ బరువు నాచు పొరలోంచి దిగడానికి మొరాయిస్తుంది. దారం తెగకపోతే గాలం వంగుతుంది, గాలం వంగకపోతే రాడ్ విరుగుతుంది. అందుకే 65కి తోడు 4/0, 5/0 సైజు మందపాటి తీగ గాలమే ఉండాలి. సన్న గాలం కట్టినవాడికి ఎంత మంచి దారం ఉన్నా ఉపయోగం లేదు.

ఈ దారం పుట్టుక గురించి నాలుగు మాటలు చాలు. మునుపు డాక్రాన్ అల్లిక దారాలుండేవి, తర్వాత నైలాన్ రాజ్యమేలింది. 1990లలో డైనీమా, స్పెక్ట్రా పేర్లతో వచ్చిన పాలిథిలిన్ పీచు వేటగాళ్ల చేతికందింది. బుల్లెట్‌ని ఆపే కవచాల్లో వాడేదీ ఆ పీచే. నీటికంటే తేలిక, తేలుతుంది. నున్నగా జారిపోతుంది. 150 డిగ్రీల వేడి దగ్గర కరిగిపోతుంది. ఈ చివరి రెండు గుణాలూ ముడి వేసేవాళ్లు రోజూ గుర్తుపెట్టుకోవాల్సినవి. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికే ముడి చెడుతుంది కాబట్టి ఉమ్మితోనైనా తడపాలి. మామూలు ముడి జారుతుంది కాబట్టి దారాన్ని మడిచి గాలం కంట్లో దూర్చి వేసే పాలోమార్ వేయాలి. పంచింగ్ చేసేవాళ్లు నిటారు కాడ గాలానికి స్నెల్ ముడి వేస్తారు. బరువు కంటికి తగలగానే గాలం మొన పైకి తిరిగి అంగిట్లో దిగుతుంది. రీలు అడుగున కాస్త నైలాన్ చుట్టి దానిమీద బ్రెయిడ్ ఎక్కించకపోతే దారమంతా ఒక్కముద్దగా గిర్రున తిరుగుతుంది, ఎంత బిగించినా చేప రాదు.

పాయల విషయంలో నేను పక్షపాతినే. నాలుగు పాయల అల్లిక గరుకుగా ఉంటుంది. ఆ గరుకే కొడవలి పళ్లలా తామర కాడల్ని కోసుకుంటూ వస్తుంది. ఎనిమిది పాయలది నున్నన, గుండ్రన, రింగుల్లోంచి చప్పుడు లేకుండా పోతుంది. చూడముచ్చటగానూ ఉంటుంది, కొట్లవాళ్లు దాన్నే ముందు చూపిస్తారు. గుబురు లేని నీళ్లలో అది మంచిదే. నాచు కప్పు కింద మాత్రం నాకు నాలుగు పాయల ముదురాకుపచ్చ దారమే కావాలి.

ఒక్కచోట బ్రెయిడ్‌ని పక్కన పెట్టాలి. మునిగిన చెట్ల మధ్య, టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ లాంటి చోట, బ్రెయిడ్ కొమ్మలోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది. అక్కడ 20, 25 పౌండ్ల ఫ్లోరోకార్బనే కొమ్మ మీదుగా జారి వస్తుంది. రాళ్ల మీద కూడా బ్రెయిడ్ ఓర్చుకోలేదు.

ఇక గురువులు. ఫ్లిప్పింగ్ అనే పద్ధతికి పేరు తెచ్చినవాడు కాలిఫోర్నియావాడు డీ థామస్. రీలు తిప్పి విసరడం కాదు అది. ఎడమ చేత్తో దారం గుంజి పట్టుకుని, ఎరని ఉయ్యాల ఊపి, అనుకున్న సందులోకి జారవిడవడం. పన్నెండడుగుల కర్రతో ఆయన తుంగ గుబుర్లలోంచి చేపలు తీస్తుంటే తట్టుకోలేక పోటీలవాళ్లు కర్ర పొడవుకి హద్దు పెట్టారు. ఆయన కర్రని కురచ చేసుకుని 1975లో ఆర్కన్సా బుల్ షోల్స్ సరస్సు మీద గెలిచి చూపించాడు. అదీ నైలాన్ కాలంలో! ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్లైన్ దశాబ్దాల పాటు ఆ చేతివాటాన్ని పోటీల్లో నిలబెట్టాడు. డెన్నీ బ్రావర్ 1998లో నార్త్ కరోలినా హై రాక్ సరస్సు మీద బాస్‌మాస్టర్ క్లాసిక్ గెలిచి, వీటీస్ అనే అల్పాహారం అట్టపెట్టె మీద బొమ్మ పడిన మొదటి బాస్ వేటగాడయ్యాడు. కప్ప ఎర మాటొస్తే డీన్ రోహాస్ పేరు చెప్పకుండా ముందుకు పోలేం. 2001లో ఫ్లోరిడా టోహో సరస్సులో ఒక్కరోజు ఐదు చేపలతో 45 పౌండ్ల 2 ఔన్సుల రికార్డు పెట్టిన మనిషి తర్వాత సొంతంగా కప్ప ఎరకి రూపం ఇచ్చి, దాన్ని నీటి మీద అటూ ఇటూ నడిపించడం ఒక తరానికి నేర్పాడు. బ్రెయిడ్ తేలుతుంది కాబట్టే ఆ నడక కుదురుతుంది. చేప పైకి లేచి కప్పని మింగగానే కొట్టకూడదు. దారం బిగిసి బరువు తెలిసేదాకా ఆగి కొట్టాలి. ఆ క్షణం ఆగగలగడమే సగం విద్య.

ఇంత విద్య ఆధారపడిన వస్తువుని నకిలీ చేసి అమ్మేవాళ్లని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పేరున్న కంపెనీ పెట్టె అచ్చుగుద్ది, 80 పౌండ్లని రాసి, లోపల పాలియెస్టర్ దారం చుట్టి పంపుతున్నారు. కొన్నిటి మీద బలం అంకె తప్ప మందం మాటే ఉండదు. మందం రాయని దారం కొనొద్దు. అనుమానమొస్తే బెత్తెడు ముక్క కత్తిరించి, సబ్బు చుక్క వేసిన నీళ్లలో ముంచి వదలండి. పాలిథిలిన్ తేలుతుంది, పాలియెస్టర్ మునుగుతుంది. కావాలనే బరువు పీచు కలిపే మంచి కంపెనీలున్నాయి, వాళ్లు ఆ మాట పెట్టె మీద రాస్తారు. రంగు వెలిసిందని మాత్రం నకిలీ అనుకోకండి. ఈ పీచు రంగు పట్టదు, అసలుదీ వెలుస్తుంది. తెలంగాణ చెరువుల్లో గుర్రపుడెక్క మీద రబ్బరు కప్ప వేసి కొర్రమీను పట్టే కుర్రాళ్లకి కూడా ఇదే మాట చెబుతున్నాను. కొర్రమీనుకి పళ్లున్నాయి, గుబురులోకి దూరే బుద్ధీ ఉంది. అంకె పెద్దదని చవక ఉండ కొంటే దారం తెగుతుంది, గాలం నోట్లో మిగిలిన చేప నీళ్లలోనే చావొచ్చు. తెగిన దారాన్ని గట్టు మీద పారేయొద్దు. అది కుళ్లదు, కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది.

నకిలీ కంటే పెద్ద బాధ ఇంకొకటుంది. 2018లో లైవ్‌స్కోప్ అనే సోనార్ తెర వచ్చాక నడినీళ్లలో ఈదే చేపని తెరమీద చూస్తూ సన్నదారంతో పట్టడమే వేట అనుకునే తరం తయారవుతోంది. గట్టు వైపు, గుబురు వైపు తిరిగి చూసేవాళ్లు తగ్గుతున్నారు. మరోపక్క పడవలకి అడ్డమని నాచు మీద మందు కొట్టి, ఒకే వారంలో ఎకరాలకి ఎకరాలు గోధుమరంగు చేస్తున్నారు. గుర్రపుడెక్క పరాయి మొక్కే, అదుపు చేయాల్సిందే. కానీ ఒక్కసారిగా మొత్తం చంపితే కుళ్లిన ఆకు నీటిలోని ప్రాణవాయువుని తినేస్తుంది, చేపపిల్లలకి నీడ ఉండదు. పట్టీలు పట్టీలుగా, దఫదఫాలుగా తీయండి, అంచు నాచు వదిలేయండి అని సరస్సుల చుట్టూ ఉన్నవాళ్లు అడగాలి. కొన్ని పోటీ సంస్థలు ఇప్పటికే తెరల వాడకానికి హద్దులు పెట్టాయి. మిగతావాళ్లూ ఏడాదికి ఒక్క పోటీ అయినా తెరలు ఆపి, గుబురు నిండిన సరస్సు మీద పెట్టాలి. ఏ కుర్రాడి చేతిలో డీ థామస్ ఊపు ఉందో అక్కడ తేలుతుంది.