తేదీలు మార్చు ‘సోఫా’ - గుణదోష విచారము

ఖగోళశాస్త్రజ్ఞులు తేదీని నెలలతో గాక దినసంఖ్యతో చెప్పుదురు. క్రీ.పూ. 4713 జనవరి 1 మధ్యాహ్నము నుండి లెక్కించు జూలియన్ దినసంఖ్యలో 2400000.5 తీసివేసినచో సవరించిన జూలియన్ సంఖ్య వచ్చును. జీపీఎస్ ఉపగ్రహముల కాలము మాత్రము 1980 జనవరి 6న మొదలై వారములు, సెకనులుగా నడచుచున్నది. ఒక లెక్కను రెండవ లెక్కలోనికి మార్చుటకు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు అనేకము కలవు. అంతర్జాతీయ ఖగోళ సమితి ఆధ్వర్యమున వెలువడుచున్న ‘సోఫా’ అను ప్రోగ్రాముల సంపుటి వీనిలో పరిశీలింపదగినది. పేరు విని కూర్చుండు సామగ్రి అనుకొనరాదు.

2017 జనవరి 1, ప్రపంచ ప్రామాణిక కాలము ప్రకారము అర్ధరాత్రి. సవరించిన సంఖ్య 57754. జీపీఎస్ ఆరంభదినపు సంఖ్య 44244. భేదము 13510 దినములు. 7చే భాగింపగా సరిగా 1930 వారములు, శేషము సున్న. విద్యార్థి లెక్క ముగిసినదనుకొనును. తొందరలో వ్రాసిన ప్రోగ్రాములును ఇక్కడనే ఆగును. కాని సరియైన జవాబు 1930వ వారము, 18 సెకనులు. భూభ్రమణముతో సరిపెట్టుటకు ప్రపంచ కాలమునకు అప్పుడప్పుడు ఒక్కొక్క అధిక సెకను చేర్చుదురు. జీపీఎస్ కాలమునకు చేర్చరు. ఆ నాటికి తేడా 18 అయినది. అంతలో జీపీఎస్ ఉపగ్రహము తన కక్ష్యలో సుమారు 70 కిలోమీటర్లు సాగిపోవును!

సోఫాలో ఈ అధిక సెకనుల పట్టిక కలదు. అంతకంటె మెచ్చదగినది, తేదీని రెండు ముక్కలుగా స్వీకరించుట. ఇది చాదస్తము కాదు. జూలియన్ దినసంఖ్య నంతయు ఒకే 64 బిట్ల సంఖ్యలో ఇమిడ్చినచో, సుమారు 40 మైక్రోసెకనుల కంటె సూక్ష్మమైన కాలము అందులో నిలువదు. అంతలో కాంతి 12 కిలోమీటర్లు పోవును. రేడియో సంకేతము ప్రయాణకాలముతో దూరమును కొలుచు విద్యలో ఇది చిన్న దోషమా?

రాబోవు అధిక సెకనులు ముందుగా తెలియవు. కనుక దూర భవిష్యత్తులోని తేదీ నిచ్చినచో, సోఫా జవాబుతోబాటు సంవత్సరము సందేహాస్పదమను సంకేతమును కూడ ఇచ్చును. ఈ నిజాయితీ అరుదు.

ఇక లోపములు. జీపీఎస్ వారమును నేరుగా ఇచ్చు భాగము ఇందులో లేదు. పరమాణు కాలము వరకు మార్చుకొని, 19 సెకనులు వాడువారే తీసివేయవలెను. 1999 ఆగస్టు 22న ఆరంభమగు మన నావిక్ కాలమును ఇది ఎరుగనే ఎరుగదు. పట్టిక ప్రోగ్రాములోనే ఇమిడియున్నందున, క్రొత్త సెకను ప్రకటింపగానే ప్రోగ్రామునే మార్చవలెను. అన్నిటికంటె వింత యైనది మరొకటి: పంచాంగపు భాగము గ్రెగోరియన్ క్రమమునే ఎరుగును. 1582కు ముందటి జూలియన్ తేదీ నిచ్చినచో తప్పు సంఖ్య వచ్చును. భవిష్యత్తును గూర్చి అంత జాగ్రత్తపడిన ప్రోగ్రాము ఇక్కడ హెచ్చరిక యైనను చేయదు.