రంపం దాచే లోపం

బాణానికి కావలసింది గుండ్రటి పుల్లే కదా, హార్డ్‌వేర్ షాపులో కొనుక్కుంటే పోలేదా అన్న మాట ఈ వారం మళ్లీ చెవిన పడింది. ముందు నార చూడండి, తర్వాతే నునుపు అని ఈ కాలమ్ ఎప్పుడూ పాడే పాట పాత పాఠకులకు తెలుసు. బాణం దగ్గర ఆ పాట ఇంకాస్త గట్టిగా పాడాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే పాడయ్యేది చెక్క ఒక్కటే కాదు. లాగి వదలగానే అల్లెతాడు కాడను వెనకనుంచి ఒక్క ఉదుటున నెడుతుంది. ముందున్న బరువైన ములికి వెంటనే కదలదు. రెంటి నడుమా నలిగి కాడ వంగుతుంది, వింటి పక్కనుంచి అలా వంగుతూనే దాటి, అటూ ఇటూ ఊగుతూ గురివైపు పోతుంది. 1930లలో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ తీసిన హైస్పీడ్ ఫొటోల్లో ఈ ఊపు స్పష్టంగా కనిపించింది. ఆ వంపు భారమంతా మోసేది చెక్కలోని నార. అది ఈ కొసనుంచి ఆ కొసదాకా తెగకుండా సాగితే కాడ వంగి మళ్లీ నిలుస్తుంది. నడుమ ఎక్కడో ఏటవాలుగా పక్కకు తేలిపోతే అక్కడే చీలుతుంది. చీలిన ముక్క విల్లు పట్టిన చేతిలో దిగబడగలదు.

రంపం గీసిన గీత వెంటే పోతుంది, నారతో దానికి పనిలేదు. మొద్దు మీద కత్తి ఆనించి కొట్టి చీలిస్తే మాత్రం చీలిక నార వెంటే నడుస్తుంది. అలా చేస్తే సగం చెక్క వృథా అంటారు. నిజమే, కొన్ని మొద్దులు మెలితిరిగి చీలి పొయ్యికి తప్ప దేనికీ పనికిరావు. కానీ ఆ మెలిక చీల్చడం వల్ల పుట్టింది కాదు, చెట్టులోనే ఉంది. రంపం దాన్ని సూటి అంచుల వెనక దాచిపెడుతుంది, అంతే. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ లాంటి పేరున్న కలప లేనిదే కుదరదన్న వాదనకూ బలం తక్కువ. 1545లో మునిగి, 1982లో పైకి తీసిన ఇంగ్లిష్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన వేలాది బాణాల్లో ఎక్కువ భాగం సాదా పోప్లర్‌వే. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడ్డ ఓట్జీ సుమారు 5,300 ఏళ్ల కిందటి మనిషి. అతని అమ్ములపొదిలోని 14 బాణాల్లో 12 ఇంకా పూర్తికానివి, వైబర్నమ్ పొద రెమ్మలతో చేస్తున్నవి. నిటారుగా పెరిగిన రెమ్మలో నార పొడుగునా సాగే ఉంటుంది, చీల్చే పనే లేదు. మన జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ విలుకాళ్లు నమ్ముకునే వెదురుదీ ఇదే గుణం.

ఇంతదూరం వచ్చాక షాపు పుల్లను పూర్తిగా కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు. చీల్చిన బద్దను చిత్రికతో నాలుగు పలకలనుంచి ఎనిమిదికి, ఎనిమిదినుంచి పదహారుకు తెచ్చి, గాడి తీసిన దిమ్మెలో ఉప్పు కాగితంతో రుద్దడం అందమైన పనే. అయినా గుండ్రదనం విషయంలో యంత్రం చేతికంటే మెరుగు, బాణానికి ఆ గుండ్రదనం ఎలా వచ్చిందన్నది అనవసరం. కొన్న పుల్ల మీద నార గీతలు ఈ చివరనుంచి ఆ చివరకు తెగకుండా పోతున్నాయా, లేక మధ్యలో కోసుగా ముగుస్తున్నాయా అని వెలుతురులో తిప్పి చూస్తే చాలు. కట్టలో చాలా పుల్లలు ఈ పరీక్షలో పోతాయి. మిగిలినవాటిని కాదనడానికి కారణం లేదు.

ఇంట్లో చేతులారా చేయాల్సిన పని ఆ తర్వాత మొదలవుతుంది. 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద కాడను ఉంచి, నడుమ 2 పౌండ్ల బరువు వేలాడదీయాలి. ఎన్ని అంగుళాలు కుంగిందో ఆ అంకెతో 26ను భాగిస్తే స్పైన్, అంటే కాడ బిగువు లెక్క, వస్తుంది. 0.52 అంగుళం కుంగితే 50 పౌండ్లు. ఒక పొదిలోని కాడలన్నీ దాదాపు ఒకే లెక్కకు రాకపోతే ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి పోతాయి, విలుకాడు తన చేతిని తిట్టుకుంటాడు. కాడ కొసన కనిపించే వలయాలకు అడ్డంగానే అల్లెతాడు గాడి కోయాలి. వలయాల వెంబడి కోస్తే తాడు దెబ్బకు కాడ అక్కడినుంచే రెండుగా విచ్చుకుంటుంది.