గోష్ఠిలో ఎవరు మాటలాడవలెను?

విశ్వవిద్యాలయములలో సామాజికన్యాయమును గూర్చి విద్యార్థులకు శిక్షణగోష్ఠులు జరుగుచున్నవి. ఉద్దేశము మెచ్చఁదగినదే; పద్ధతి మాకు సమ్మతము కాదు. పలుమాఱు దళితవిద్యార్థినే లేపి, నీ యనుభవము చెప్పుమందురు. తక్కినవారు విని చప్పట్లు కొట్టుదురు. గాయపడినవాఁడే గురువు కావలెనా?

2007లో థోరట్ సంఘము ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థను విచారించి, వసతిగృహములందును, భోజనశాలయందును, ఆటలందును దళిత, ఆదివాసి విద్యార్థులు వేఱుచేయఁబడుచున్నారని తెలిపెను. సమానావకాశవిభాగమును, వివక్షనిరోధకాధికారియు ఉండవలెనని విశ్వవిద్యాలయ నిధులసంఘము 2012లో శాసించెను. అటుపిమ్మటనే, 2016 జనవరి 17న, వసతిగృహమునుండి బహిష్కృతుఁడైన పరిశోధకుఁడు రోహిత్ వేముల హైదరాబాదు విశ్వవిద్యాలయమున ప్రాణము తీసికొనెను. కొఱఁత అనుభవకథలది కాదు. అధికారము గలవారు జవాబుదారులు కాకపోవుటయే.

కావున గోష్ఠిలో ప్రశ్న తిరుగఁబడవలెను. "నీ ర్యాంకెంత?" అని తోడివాని నడుగుటలో కులవిచారణ యెట్లు దాఁగినదో అడిగినవాఁడే చెప్పవలెను. (స్నేహితుని యింటిపేరు తెలిసినఁగాని మంచినీళ్లియ్యని మన యిండ్లనుండియే గదా వాఁడు వచ్చెను!) ఆచార్యులును శ్రోతలై కూర్చుండవలెను. ఏఁడాదిలో వచ్చిన ఫిర్యాదులెన్ని, తీర్చినవెన్ని, మార్గదర్శి దొరకక తిరుగుచున్న పరిశోధకులెందఱు అను లెక్కలను వివక్షనిరోధకాధికారి ఆ సభలోనే చదువవలెను.